నిప్పు లేని పొగ

"బండి స్టార్ట్ కావడం లేదు" అన్న మాట ఫిర్యాదుగా సరిపోతుంది గానీ సమాచారంగా దాదాపు ఏమీ చెప్పదు. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేని బండి, టక్‌మని ఒక్కసారి పలికి ఊరుకునే బండి, సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా తిరుగుతూనే ఉండి అంటుకోని బండి, అంటుకున్నట్టే అంటుకుని నాలుగు క్షణాల్లో ఆరిపోయే బండి: యజమాని నోట ఈ నాలుగింటికీ ఒకటే మాట. కారణాలు చూస్తే ఒకదానికొకటి చుట్టరికం కూడా ఉండదు. అయినా షెడ్డులో చాలాసార్లు మొదట వినపడేది ప్రశ్న కాదు, జవాబు. పోయిన వారం ఇలాంటి బండికే ఫిల్టరు మారిస్తే సరిపోయింది కాబట్టి దీనికీ ఫిల్టరే. అదీ కాకపోతే పంపు. పంపూ కాకపోతే నాజిళ్లు. ఈ అధ్యాయంలో చేయబోయే వాదన ఒక్కటే: డీజిల్ వ్యాను ఎందుకు స్టార్ట్ కాలేదో కనుక్కోవడంలో విడిభాగాల పరిజ్ఞానం కన్నా ప్రశ్నల వరస ముఖ్యం. ఏది ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి అన్నది తెలిస్తే, స్పానరు పట్టుకోకముందే కేసు సగానికి పైగా తేలిపోతుంది.

వరసకు అంత విలువ ఎక్కడి నుంచి వస్తుందో చిన్న లెక్కతో చూడొచ్చు. అనుమానితులు పదహారుమంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరినే పిలిచి నిలదీస్తూ పోతే సగటున ఎనిమిదిమందిని దాటాక గానీ దొంగ దొరకడు. అడిగే ప్రతి ప్రశ్నా మిగిలినవాళ్లలో సగంమందిని ఇంటికి పంపించేదైతే నాలుగు ప్రశ్నలు చాలు. సమాచారాన్ని కొలవడానికి క్లాడ్ షానన్ 1948లో వాడిన 'బిట్' వెనక ఉన్నది కూడా ఈ సగానికి కోతే. అయితే అసలు బండిలో అనుమానితులందరూ సమానం కారు. బ్యాటరీ, దాని టెర్మినళ్లు తరచూ పట్టుబడే పాత నేరస్తులు. విరిగిన టైమింగ్ బెల్టు అరుదుగా కనిపించే మనిషి. ప్రశ్నలకయ్యే ఖర్చు కూడా ఒకటి కాదు. చెవి పెట్టి వినడానికి పైసా ఖర్చు లేదు. కంప్రెషన్ కొలవాలంటే నాజిళ్లో హీటర్ ప్లగ్గులో విప్పాలి, పూట గడిచిపోతుంది. కాబట్టి తక్కువ ఖర్చుతో ఎక్కువమందిని తప్పించే ప్రశ్న ముందుండాలి. విప్పదీసే పనులన్నీ చివరికి పోవాలి.

ఏ ప్రశ్న ఎందర్ని తప్పిస్తుందో తెలియాలంటే డీజిల్ ఇంజన్ అంటుకోవడానికి ఏం కావాలో ముందు తెలియాలి. పెట్రోలు ఇంజన్‌కి నిప్పు బయటి నుంచి వస్తుంది, ప్లగ్గులో రవ్వగా. డీజిల్‌కి ఆ సదుపాయం లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1892లో దరఖాస్తు చేసి 1893లో పేటెంటు పొందిన ఇంజన్‌లో గాలిని గట్టిగా నొక్కుతారు, నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడిలోకి చిమ్మిన ఇంధనం దానంతటదే అంటుకుంటుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో చేసిన ప్రయోగాలు 1897 నాటికి ఇంధనంలోని శక్తిలో నాలుగో వంతుకు పైగా పనిగా మార్చే ఇంజన్‌ని ఇచ్చాయి. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో కూడా లేవు. మన వ్యాన్లలో గాలిని ఇంచుమించు పద్దెనిమిదో వంతుకు కుదించే ఇంజన్లు మామూలే. 27 డిగ్రీల గాలిని అంతగా కుదించినప్పుడు, రవ్వంత వేడి కూడా గోడలకు పోకపోతే, అది దాదాపు 680 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. నిజం ఇంజన్‌లో చల్లటి సిలిండరు గోడలు కొంత వేడిని తాగేస్తాయి కాబట్టి ఏ 550 దగ్గరో ఆగుతుంది. లెక్కలో ఈ నష్టాన్ని సూచించే ఘాతాంకం 1.35. ఇప్పుడు సెల్ఫ్ ఈడుస్తూ తిరిగిందనుకోండి, రింగులు అరిగి గాలి కిందికి జారిందనుకోండి. అదే అంకె 1.25కి తగ్గితే ఉష్ణోగ్రత 345కి పడిపోతుంది. ఘాతాంకంలో పదో వంతు తేడాకి రెండు వందల డిగ్రీలు పోయాయి!

ప్రయోగశాల పాత్రలో డీజిల్ 210 నుంచి 250 డిగ్రీల మధ్యే అంటుకుంటుంది కదా, 345 ఎందుకు చాలదు అని అడగొచ్చు. అక్కడ దానికి సెకన్ల కొద్దీ తీరిక ఉంటుంది. నిమిషానికి 200 చుట్లు తిరుగుతున్న ఇంజన్‌లో పిస్టన్ పైకొసకు చేరే ముందు 20 డిగ్రీల మలుపుకి దొరికేది సెకనులో అరవయ్యో వంతు. ఆ లోపల చుక్క ఆవిరై, గాలితో కలిసి, అంటుకోవాలి. అందుకే వేడి చాలినంత ఉండడం కాదు, మిగులు ఉండాలి. ఆ మిగులు వేగం మీద ఆధారపడుతుంది, నెమ్మదిగా నొక్కితే వేడి పారిపోతుంది కాబట్టి. డీజిల్ అంటుకోవాలంటే సెల్ఫ్ దాన్ని నిమిషానికి దాదాపు 150 నుంచి 250 చుట్లు తిప్పాలనడం ఇందుకే. మొత్తానికి కావలసినవి మూడు: వేగం, వేడి, సరైన క్షణంలో ఇంధనం. ఎన్ని పైపులు, ఎన్ని సెన్సర్లు ఉన్నా అనుమానితులందరూ ఈ మూడు ఇళ్లవాళ్లే. దొంగ ఏ ఇంటివాడో ముందు తేల్చుకోవాలి.

మొదటి కోత వేగం దగ్గర. సెల్ఫ్ తిరుగుతోందా? తిరగకపోతే ఫిల్టరు గురించీ పంపు గురించీ మాట్లాడడమే అనవసరం. ఇంధన వ్యవస్థ మొత్తం ఒక్క మాటతో పక్కకు పోతుంది. ఇక్కడ అందరూ చెప్పే సాక్ష్యం ఒకటుంది: "లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది." ఇది తప్పుడు సాక్ష్యం. ఎందుకు తప్పో ఓమ్ సూత్రం చెబుతుంది. హెడ్‌లైట్ బల్బు తీసుకునేది నాలుగైదు ఆంపియర్లు. ఇంత ఇంజన్‌ని తిప్పే సెల్ఫ్ మోటారు తీసుకునేది 300 ఆంపియర్లు, మొదటి కుదుపులో ఇంకా ఎక్కువ. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొర వల్ల ఓమ్‌లో వందో వంతు నిరోధం వచ్చిందనుకుందాం. బల్బు దారిలో దాని వల్ల పోయేది వోల్టులో ఇరవయ్యో వంతు, కంటికి ఆనదు. సెల్ఫ్ దారిలో అదే నిరోధం 3 వోల్టులు మింగేస్తుంది. అంటే 900 వాట్ల వేడి ఆ చిన్న బిగింపు దగ్గరే పుడుతుంది. రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టాక ఆ టెర్మినల్ వేడెక్కి ఉండడం చేతికే తెలుస్తుంది. ఛాసిస్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ఇదే కథ, పైగా అది కంటికి కనిపించని చోట ఉంటుంది.

కనుక అడగాల్సింది లైట్లు వెలుగుతున్నాయా అని కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు వాటికేమవుతోంది అని. కొన్ని బళ్లలో తాళం చివరిదాకా తిప్పగానే హెడ్‌లైట్లు వాటంతటవే ఆగిపోతాయి, అందుకని లోపలి లైటు చూడడం మేలు. తాళం తిప్పినప్పుడు లైటు చెక్కుచెదరకుండా ఉండి సెల్ఫ్ పలకలేదంటే కరెంటు అసలు బయలుదేరలేదు: ఇగ్నిషన్ స్విచ్, రిలే, ఫ్యూజు, సోలనాయిడ్‌కి వెళ్లే సన్న వైరు, కొన్ని బళ్లలో క్లచ్ పెడల్ స్విచ్, వీటిలో ఒకటి. లైటు చచ్చిపోయినట్టు అవుతుంటే కరెంటు బయలుదేరింది గానీ చాలడం లేదు: బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, దారిలో ఎక్కడో నిరోధం ఉండాలి, లేదా తిప్పాల్సిందే తిరగకుండా బిగుసుకుపోయి ఉండాలి. టకటకటకమని గిలకలా కొట్టుకోవడం బలం లేని బ్యాటరీ చేసే చప్పుడు. సోలనాయిడ్ పట్టుకుంటుంది, వోల్టేజి కూలుతుంది, వదిలేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. చవక మల్టీమీటరు ఒకటి ఉంటే పని ఇంకా తేలిక. నిండుగా చార్జయి తీరిగ్గా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 పైన నిలబడితే సంతోషం, 9.5 కన్నా కిందికి జారితే అనుమానించాలి. బ్యాటరీ నెగటివ్ పిన్నుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు అర వోల్టు దాటిందా, ఎర్త్ దొంగ దొరికినట్టే. బ్యాటరీ కొత్తది కొనాల్సిన పనే లేదు.

బిగుసుకుపోయిన ఇంజన్ గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, దాని విషయంలో ప్రశ్న అడగడమే ప్రమాదం కాబట్టి. వరద నీళ్లలో నిలిచిపోయిన బండికి సెల్ఫ్ కొట్టకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు నీళ్లు తీశాక యజమానులకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. 2,500 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండరు 625 సీసీ. పద్దెనిమిదికి ఒకటి నిష్పత్తిలో పిస్టన్ పైకొసకు చేరాక మిగిలే చోటు 37 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం కూడా లేని నీళ్లు ఆ చోటును నింపేస్తాయి. గాలి నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకోవు. వంగేది కనెక్టింగ్ రాడ్డే. నాజిళ్లో హీటర్ ప్లగ్గులో విప్పి, నీళ్లు బయటికి పోయే దారి ఇచ్చి, చేత్తో తిప్పి చూశాకే సెల్ఫ్ మాట.

సెల్ఫ్ చక్కగా తిరుగుతోంది, ఇంజన్ అంటుకోవడం లేదు అన్న చోట అసలు విచారణ మొదలవుతుంది. ముందు చెవి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి కంప్రెషన్ బాగుంటే సెల్ఫ్ చప్పుడులో సమానమైన లయ ఉంటుంది, ప్రతి సిలిండరూ తన వంతుకి ఒక్కసారి బరువు చూపిస్తుంది. ఆ లయలో ఒక అడుగు తప్పుతూ ఉంటే ఒక సిలిండరు గాలిని పట్టుకోవడం లేదు. బరువే లేనట్టు గిర్రున, మామూలు కన్నా వేగంగా తిరిగిందంటే టైమింగ్ బెల్టో చైనో తెగి వాల్వులు తెరుచుకునే ఉన్నాయేమో చూడాలి. అప్పుడు ఇంకోసారి సెల్ఫ్ కొట్టకపోవడమే మంచిది. చెవి సాక్ష్యం ఊహేనంటారా? అదే లయని క్లాంప్ మీటరుతో సెల్ఫ్ కరెంటులో ఎగుడుదిగుడులుగా చూడొచ్చు, ఒక్క నట్టూ విప్పకుండా.

ఆ తర్వాత ముక్కూ కన్నూ. నిప్పు లేనిదే పొగ రాదంటాం. స్టార్ట్ కాని డీజిల్ దగ్గర ఈ సామెత తలకిందులవుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ నుంచి తెల్లగా, బూడిద రంగుగా, కళ్లు మండే ఘాటుతో పొగ వస్తోందంటే అది మండని డీజిల్ తుంపర. వేడికి కొంత ఆవిరై, పైపులో చల్లారి మళ్లీ మంచులా మారిన ఇంధనం. నిప్పు లేదు కాబట్టే ఆ పొగ ఉంది. ఒక్కసారి పైపు వెనక నిలబడి చూస్తే దొరికే ఈ సాక్ష్యం అనుమానితుల జాబితాని నడిమికి నరుకుతుంది. తెల్ల పొగ వస్తోందంటే ఇంధనం సిలిండరు దాకా చేరుతోంది: ట్యాంకు, ఫిల్టరు, పంపు, పైపులు తమ పని ఏదో మేరకు చేస్తున్నాయి, లోపం వేడిలో ఉంది, లేదా చిమ్మే క్షణం తప్పింది. పొగ బొత్తిగా లేదంటే ఇంధనం చేరడం లేదు, వేడి గురించి ఇప్పుడే అడగనక్కర్లేదు. గుర్తుంచుకోవాల్సిందల్లా, పొగ లేకపోవడం కంప్రెషన్‌ని నిర్దోషిగా వదిలిపెట్టదు, బెయిలు మాత్రం ఇస్తుంది. నల్ల పొగ వేరే కేసు: ఇంధనం ఎక్కువైంది, లేదా గాలి దారి మూసుకుపోయింది, ఎయిర్ ఫిల్టరులో ఎలుక గూడు పెట్టిన బళ్లు కూడా ఉంటాయి.

పొగ లేని బండిని తీసుకుందాం. పాత రకం, అంటే యాంత్రిక పంపు ఉన్న బండి అయితే మొదట వినాల్సింది తాళం ఆన్ చేసినప్పుడు పంపు మీది సోలనాయిడ్ చేసే చిన్న టక్కు. ఆ చప్పుడు లేకపోతే చాలా పంపుల్లో ఇంధనానికి తలుపే తెరుచుకోదు. అక్కడికి 12 వోల్టులు వస్తున్నాయో లేదో ఒక టెస్ట్ లైటు చెబుతుంది. సోలనాయిడ్ బాగుంటే గాలి మీదికి అనుమానం పోతుంది. "ఎయిర్ పట్టింది" అన్న మాట వెనక భౌతికశాస్త్రం బాగుంటుంది. పాత నాజిల్ తెరుచుకోవాలంటే దాదాపు 120 నుంచి 250 బార్ పీడనం కావాలి. డీజిల్‌ని 200 బార్‌తో నొక్కితే అది కుంచించుకునేది వందో వంతుకు కాస్త పైన, అంతే. పంపు ప్లంజరు తోసిన తోపు తోసినట్టే నాజిల్‌కి చేరుతుంది. ఒక్కో తోపులో పోయే ఇంధనం కొన్ని పదుల ఘన మిల్లీమీటర్లే. దారిలో బియ్యపు గింజంత గాలి బుడగ ఉందనుకోండి, ఆ తోపునంతా అదే మింగి నొక్కుకుపోతుంది, ప్లంజరు వెనక్కి రాగానే మళ్లీ సాగుతుంది. పంపు పనిచేస్తూనే ఉంటుంది, నాజిల్ తెరుచుకోదు. హ్యాండ్ పంపు కొట్టి, నట్టు వదులు చేసి, బుడగలు పోయి నిఖార్సయిన డీజిల్ వచ్చేదాకా ఎయిర్ తీయడం అందుకే పనిచేస్తుంది. కానీ ఎయిర్ తీశాక స్టార్టయిందంటే రోగం పోయిందని కాదు. గాలి ఎక్కడో ఒక చోట నుంచి వచ్చింది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపుల్లో పీల్పుడు ఉంటుంది కాబట్టి అక్కడి చిల్లు డీజిల్‌ని బయటికి కార్చదు, గాలిని లోపలికి లాగుతుంది. నేల మీద మరక కోసం వెతికితే ఏమీ కనిపించదు.

1997లో ఆల్ఫా రోమియో కార్లతో మార్కెట్‌లోకి వచ్చి తర్వాత మన వ్యాన్లకూ చేరిన కామన్ రైల్ ఇంజన్లలో ఈ కథ అంకెలు మారతాయి. అక్కడ ఇంధనం ముందు ఒక ఉమ్మడి గొట్టంలో పీడనంతో నిలవ ఉంటుంది. ఇంజెక్టర్లను కంప్యూటరు తెరుస్తుంది. పీడనం ఒక హద్దు దాటేదాకా, చాలా ఇంజన్లలో అది 200 నుంచి 250 బార్, కంప్యూటరు ఇంజెక్టర్లను ముట్టుకోదు. కనుక పొగ లేదన్న సాక్ష్యం ఇక్కడ 'పీడనం చాలలేదు' లేదా 'కంప్యూటరు అనుమతి ఇవ్వలేదు' అన్న రెండు అర్థాలుగా చీలుతుంది. ఈ చీలికని తేల్చేది స్కానరు. పైగా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలతో వస్తున్న బళ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉండటం వల్ల పొగ సాక్ష్యం మొహమాటంగా మాట్లాడుతుంది. రైల్ ప్రెజర్ అంకె దాని స్థానం తీసుకుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. స్కానరు పెడితే కోడ్ చెప్పేస్తుంది కదా, ఈ ప్రశ్నల వరస ఎందుకు? కోడ్ చెప్పేది కంప్యూటరుకు ఏం కనిపించిందో, ఎందుకు అలా జరిగిందో కాదు. 'రైల్ పీడనం తక్కువ' అనే కోడ్‌కి కారణం మూసుకుపోయిన ఫిల్టరు కావచ్చు, అరిగిన పంపు కావచ్చు, తెరుచుకునే ఉండిపోయిన కంట్రోల్ వాల్వు కావచ్చు, వెనక్కి కార్చేస్తున్న ఇంజెక్టరు కావచ్చు, ఖాళీ ట్యాంకు కూడా కావచ్చు. కోడ్ చూసి సెన్సర్ మార్చేవాళ్లు సాక్షిని అరెస్టు చేస్తున్నారు. స్కానరులో విలువైనది కోడ్ కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కదిలే అంకెలు. ఇంజన్ తిరుగుతున్నా చుట్ల సంఖ్య సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ దారి. చుట్లు 220, పీడనం 90 దగ్గరే తచ్చాడుతుంటే ఇంధన దారి. పీడనం 300 ఉండి కూడా అంటుకోకపోతే వేడి, లేదా కంప్యూటరు అనుమతిని ఆపేసే ఇమ్మొబిలైజర్. పీడనం ఎక్కనప్పుడు అడగాల్సిన తర్వాతి ప్రశ్నకు కంప్యూటరు అక్కర్లేదు: ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ కొట్టడమే. మూడు సీసాల్లో అడుగున తడి, నాలుగో దానిలో వేలెడు డీజిల్ చేరితే పీడనం ఎటు పోతోందో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. తక్కువ పీడనం వైపున్న ఈ రిటర్న్ పైపుల్ని ముట్టుకోవచ్చు. రైలు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే ఇనప పైపుల కారుడును మాత్రం చేత్తో తడిమి చూడకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ వెయ్యి బార్ దాటే పీడనం సన్నటి ధారని చర్మంలోంచి లోపలికి ఎక్కించేస్తుంది. గాయం చీమ కుట్టినట్టే ఉంటుంది, వేలు తీసేయాల్సి రావచ్చు.

తెల్ల పొగ వచ్చే బండి విషయంలో మనవాళ్లు ముందు చూసేది హీటర్ ప్లగ్గులు. చలిదేశాల పుస్తకాలు చదివినవాళ్లు మరీను. ఇవి కొన్ని సెకన్లలో 800 డిగ్రీలు దాటి ఎర్రబడి దహన గదికి వేడి అరువిస్తాయి. జనవరి తెల్లవారుజామున లంబసింగిలోనో, ఆదిలాబాద్ ఏజెన్సీలోనో నిలబెట్టిన బండి అయితే ఈ అనుమానం న్యాయమే, ముందుగదిలో మండే పాత రకం ఇంజన్ అయితే ఇంకా న్యాయం. మే నెలలో విజయవాడలో, నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్ స్టార్ట్ కాకపోతే హీటర్ ప్లగ్గుల మీద పడటం వాతావరణాన్ని చూడకుండా రోగం పేరు చెప్పడమే. 40 డిగ్రీల గాలి దగ్గర వేడి చాలలేదంటే గాలి కారుతోంది, లేదా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతోంది. ఈథర్ స్ప్రే కొట్టి చూద్దామనే సలహా కూడా ఇక్కడే వినిపిస్తుంది. ఎర్రబడ్డ హీటర్ ప్లగ్గు ఉన్న ఇంజన్‌లోకి ఈథర్ పంపితే అది పిస్టన్ పైకి రాకముందే పేలి, రింగుల్నీ పిస్టన్‌నీ పగలగొట్టగలదు. అది పరీక్ష కాదు.

రెండో అభ్యంతరం గట్టిది. మన దగ్గర మెకానిక్ కూలీ తక్కువ, మామూలు ఫిల్టరు ఖరీదూ తక్కువ. అంత విచారణ చేసేకన్నా మార్చి చూడడం చవక కదా? ఫిల్టరు వరకు ఒప్పుకోవచ్చు. చవకైన వస్తువు, మార్చే గడువు ఎలాగూ దగ్గరపడింది, మార్చడమే ఒక పరీక్ష అనుకోవచ్చు. పంపు దగ్గరికీ ఇంజెక్టర్ల దగ్గరికీ వచ్చేసరికి ఆ లెక్క చెదిరిపోతుంది. వాటి ఖరీదు ఒక ఎత్తు. మార్చడమే కొత్త అనుమానితుల్ని తెచ్చిపెట్టడం ఇంకో ఎత్తు. పైపు విప్పితే గాలి చేరుతుంది, మైక్రాన్ల సందుతో పనిచేసే ఇంజెక్టరులో దుమ్ము రేణువు పడుతుంది, కొత్త ఇంజెక్టరు కోడ్‌ని కంప్యూటరుకి చెప్పకపోతే అదొక కేసు. మార్చాక బండి స్టార్టయినా ఏది కారణమో తెలియదు: కొత్త పంపా, ఆ పని కోసం విప్పి శుభ్రంగా బిగించిన బ్యాటరీ టెర్మినలా? అనుభవం గల మెకానిక్ చప్పుడు విని ఫలానా అని చెప్పేస్తాడే, ఆయనకు ఈ వరసలు ఎందుకు అనే వాదన కూడా ఉంది. ఆయన వరస లేకుండా చెప్పడం లేదు. చెవితో, ముక్కుతో నాలుగు ప్రశ్నలు ఒకేసారి అడిగేశాడు, మనకి వినపడలేదు. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి చెవులున్నవాళ్లు తక్కువేమీ లేరు.

మూడో అభ్యంతరమే నిజంగా ఇబ్బంది పెట్టేది. సగానికి కోయడం అనే పద్ధతి దొంగ ఒక్కడేనని ముందే నమ్ముతుంది. పదిహేనేళ్ల వ్యానులో దొంగ ఒక్కడే ఉండడు. స్టార్ట్ కావడం అన్నది హద్దు దాటితే జరిగేది, దాటకపోతే జరగనిది, మధ్యస్థం లేదు. కాస్త అరిగిన రింగులు ఉష్ణోగ్రతని ఓ నలభై డిగ్రీలు తగ్గించాయి, అదొక్కటే హద్దు కిందికి తేలేదు. బ్యాటరీ ముసలిదై చుట్లు 200 నుంచి 150కి వచ్చాయి, అదీ ఒక్కటే అయితే నడిచిపోయేది. నాజిల్ పొగమంచులా చిమ్మాల్సింది చుక్కలుగా చిమ్ముతోంది. ఈ మూడూ ఏడాదిగా కలిసి కాపురం చేస్తూనే ఉన్నాయి. డిసెంబరులో గాలి పదిహేను డిగ్రీలు చల్లబడగానే బండి ఆగిపోయింది. ఇప్పుడు ఏది కారణం? కొత్త బ్యాటరీ వేస్తే స్టార్టవుతుంది, బ్యాటరీయే దోషి అంటారు. నాజిళ్లు సర్వీసు చేయించినా స్టార్టవుతుంది, అప్పుడు నాజిళ్లు దోషులు. మార్చిలో తెచ్చి ఉంటే ఏమీ చేయకుండానే స్టార్టయ్యేది, ఎండని దోషి అనలేం కదా! ఇలాంటి బండి దగ్గర అవును-కాదు ప్రశ్నలు మోసం చేస్తాయి. వాటి స్థానంలో 'ఎంత' అనే ప్రశ్నలు రావాలి: చుట్లు ఎన్ని, సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టులు ఎన్ని, ఒక్కో సిలిండరు కంప్రెషన్ ఎన్ని బార్. ఏ అంకె దాని ఆరోగ్యపు స్థాయి నుంచి ఎక్కువగా జారిందో దాన్ని ముందు పట్టుకోవాలి. పద్ధతి ఓడిపోలేదు, ప్రశ్నల జాతి మారిందంతే. మొదటి కోతలు మాత్రం అవే, ఎందుకంటే ఎక్కడ కొలవాలో చెప్పేది అవే.

హద్దు సంగతి తెలిస్తే వింతగా కనిపించే కేసులు కూడా లొంగుతాయి. పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్టయి, మధ్యాహ్నం టీ కోసం ఆపితే మళ్లీ గంటదాకా స్టార్ట్ కాని బండి అలాంటిదే. చల్లగా ఉన్నప్పుడు మొరాయించాల్సిన ఇంజన్ వేడి మీద ఎందుకు మొరాయిస్తుంది? డీజిల్ చిక్కదనం మన దేశపు ప్రమాణాల ప్రకారం 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 సెంటిస్టోక్‌లు, ఇంజన్ వేడికి పంపు ఇంకా కాగితే అది అంతకన్నా పలచనవుతుంది. అరిగిన పంపులో సందు అంతే ఉంటుంది, పలచని ఇంధనం ఆ సందులోంచి ఎక్కువ జారుతుంది, సెల్ఫ్ ఇచ్చే కొద్దిపాటి వేగానికి పీడనం ఎక్కదు. పాత యాంత్రిక పంపు అయితే దాని మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగి చూడడం మంచి పరీక్ష: గుడ్డ వేశాక స్టార్టయి, ఊరికే అంతేసేపు ఆగినప్పుడు కాకపోతే, అరుగుదల పంపులోనే. ట్యాంకులో కిరోసిన్ కలిసిన డీజిల్ ఉన్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి పంపు విప్పే ముందు ఫిల్టరు నుంచి కాస్త సీసాలోకి తీసి వాసన చూడడం ఖర్చు లేని పని.

దీనికి సరిగ్గా ఎదురు కేసు రాత్రంతా నిలబడ్డాక పొద్దున ఎంతసేపు కొట్టినా పొగ కూడా వదలని బండి. ఒకసారి స్టార్టయిందంటే రోజంతా బాగుంటుంది. చలి అనీ, బ్యాటరీ అనీ, హీటర్ ప్లగ్గు అనీ సలహాలు వస్తాయి. పొగ లేదన్న ఒక్క మాటతో హీటర్ ప్లగ్గు పక్కకు పోతుంది, సెల్ఫ్ హుషారుగా ఉంటే బ్యాటరీ కూడా. మిగిలింది పీల్పుడు పైపులోకి గాలి చేరి, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోవడం. దీన్ని రుజువు చేయడానికి ఏమీ కొనక్కర్లేదు. ట్యాంకు ఇంజన్‌కి వెనకగా, కిందుగా ఉన్న వ్యానుని ఒక రాత్రి ముక్కు పైకి ఉండేలా ఏటవాలు మీద, ఇంకో రాత్రి ముక్కు కిందికి ఉండేలా నిలబెట్టాలి. ముక్కు పైకి ఉన్న రాత్రి మర్నాడు మొరాయించి, కిందికి ఉన్న రాత్రి మర్నాడు తేలిగ్గా అంటుకుంటే డీజిల్ వెనక్కి జారుతున్నట్టే. బ్యాటరీకీ చలికీ ఏటవాలుతో పనిలేదు. పంపుకు ముందు పైపులో జానెడు పారదర్శకమైన గొట్టం కలిపితే పొద్దున మొదటి తిప్పుకే బుడగలు కంటికి కనిపిస్తాయి. చాలాసార్లు దొరికేది పగిలిన రబ్బరు పైపో, ఫిల్టరు తల మీద ఎండిపోయిన వాషరో, వదులైన క్లిప్పో. అది మార్చాక బండి స్టార్టయినంత మాత్రాన కేసు మూయకూడదు, మార్చే పనిలో ఎలాగూ ఎయిర్ తీశారు కాబట్టి ఆ పూటకి స్టార్ట్ కాకుండా ఉండే అవకాశమే లేదు. అదే ఏటవాలు మీద, ముక్కు పైకి పెట్టి, రాత్రంతా నిలబెట్టి, పొద్దున హ్యాండ్ పంపు ముట్టకుండా తాళం తిప్పి చూడాలి. మొదటి మూడు నాలుగు చుట్లలోనే పొగ కనబడాలి.